సెల్ఫ్ డ్రైవ్ కారు, గండికోట, ఆ రాత్రి చూసిన థెల్మా అండ్ లూయిస్

ముందు బండి సంగతి చెప్పేస్తా, ఎందుకంటే మా ఆఫీసులో ఆడోళ్ళందరూ నన్ను అడిగింది అదే, మాకు ఇస్తారా ఇయ్యరా అని. ఇస్తారు. కడపలో సెల్ఫ్ డ్రైవ్ షాపులు ఇప్పుడు బాగానే ఉండాయి, లైసెన్సు ఉంటే ఇస్తారు. నేను తీసుకున్న షాపు పేరు మాత్రం రాయను, వాళ్ళ మీద నాకు ఒక కోపం ఉండాది, పేరు పెట్టి బజారుకు ఈడ్చేంత కోపం కాదు, అట్లని చెప్పకుండా ఊరుకునేది కూడా కాదు.

నేనూ, మా వీధిలో ఉండే అక్కా గండికోటకు పోయేదానికి రెండు రోజులకు తీసుకున్నాం. రోజుకు 2,000, అడ్వాన్సు 5,000, రోజుకు 300 కిలోమీటర్లు దాటితే కిలోమీటరుకు 10 రూపాయలు ఎక్స్‌ట్రా, పెట్రోలు మనదే, ట్యాంకులో ఎంత ఉన్నప్పుడు ఇచ్చినారో అంత నింపి తిరిగి ఇయ్యాల. చిన్న తెల్ల కారు, క్లచ్ మెత్తగా ఉండాది, ఏసీ అయితే ఎర్రగుంట్ల ఎండకు కూడా తట్టుకునింది. తీసుకునేటప్పుడు నాలుగు పక్కలా తిరిగి ఫోన్లో వీడియో తీసినా, యాడ గీతలు ఉండాయో యాడ సొట్టలు ఉండాయో అన్నీ. డిక్కీ తీయించి స్టెప్నీలో గాలి ఉందా, జాకీ ఉందా అని చూసినా. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు ఫోటో తీసుకున్నా.

ఇంకొకటి, ఇది అందరూ చూసుకోండి. నంబరు ప్లేటు నల్లగా ఉండి అక్షరాలు పసుపు రంగులో ఉంటే అది సెల్ఫ్ డ్రైవ్‌కు పర్మిట్ ఉన్న బండి. తెల్ల ప్లేటు బండి అంటే సొంత వాడకానికి రిజిస్టర్ అయింది, దాన్ని అద్దెకు తిప్పేది రూలుకు విరుద్ధం, రేపు ఏదన్నా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్ళు అద్దెకు తిప్పినారు అనే కారణం మీద క్లెయిమ్ ఇయ్యమనొచ్చు. 500 తగ్గుతాది అని తెల్ల ప్లేటు బండి తీసుకోవద్దండి. మాది నల్ల ప్లేటే. అట్లనే నడిపేవాళ్ళు ఇద్దరైతే ఇద్దరి లైసెన్సులూ అగ్రిమెంటులో రాయించండి. మాకు రెండో పేరుకు 200 తీసుకున్నారు, ఆ 200 ఇచ్చేదే మంచిది.

ఇంక కోపం సంగతి. కౌంటరు కాడ కూర్చున్న ఆయప్ప నన్నూ అక్కనూ చూసి మొదట అడిగిన మాట, సార్ రాలేదా మేడం అని. ఏ సారు అన్నా. బండి నడిపే సారు అన్నాడు. నేనే నడిపేది, ఈ అక్క కూడా నడుపుతాది అని లైసెన్సులు ముందర పెట్టినా. సరే అని ఫారం ఇచ్చినాడు, అందులో గార్డియన్ అని ఒక గడి, భర్త లేదా తండ్రి నంబరు రాయాలంట. నాకు 36 ఏళ్ళు, బ్యాంకులో పని చేస్తా, రోజూ ఎంతమంది లోను కాగితాలు నా చేతి మీద పోతాయో, నా కారు అద్దె కాగితానికి గార్డియన్ కావాల. అది మగవాళ్ళ ఫారంలో ఉండదా అని అడిగితే అదే ఫారం మేడం, వాళ్ళయితే ఖాళీ వదిలేస్తారు అన్నాడు. నేను కూడా వదిలేసి ఉండాల. పొద్దున్నే గలాటా ఎందుకులే అని మా ఆయన నంబరు రాసినా, ఆ రాసింది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటాంది.

అక్క అంటే మా సొంత అక్క కాదు. మా వీధి చివర లేడీస్ టైలరింగ్ పెట్టుకుని ఉండాది, 11 ఏళ్ళ కింద జాకెట్లు కుట్టించుకునేదానికి పోతే పరిచయం. నాకు రెండో కాన్పు అప్పుడు రాత్రి ఒంటిగంటకు ఆటో పిలిచి ఆసుపత్రికి తీసకపోయింది ఆమె. ఆమె పోయిన సంవత్సరం డ్రైవింగ్ స్కూల్లో చేరింది, 42 ఏళ్ళకు, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని ఎల్ బోర్డు బండిలో రోజూ పొద్దున ఆరుకు. ఎల్ఎల్ఆర్ తీసుకున్నాక 30 రోజులకే టెస్టుకు పోవచ్చు గానీ ఆమె మూడు నెలలు ఆగి, ఎనిమిది వేయడం పక్కాగా వచ్చినాకనే పోయింది. కారు లేదు, కొనే ఆలోచన లేదు. ఎందుకు అక్కా నేర్చుకున్నావ్ అంటే, యాడికన్నా పోవాలంటే ఎవర్నో అడిగేది నాకు చాలైపోయింది మే అనింది. అదే మాట నాకు రాత్రి సినిమా చూసేటప్పుడు మళ్ళ గుర్తొచ్చింది.

శనివారం పొద్దున బయలుదేరినాం. కమలాపురం దాకా నేను, అక్కడ టిఫిను చేసి, కారం దోశ, పప్పులపొడి పైన చల్లి ఇస్తారే అది, చెట్నీ అక్కర్లేదు దానికి. ఎర్రగుంట్ల కాడ సిమెంటు లారీలు, నాపరాళ్ళ పాలిష్ మిషన్ల దుమ్ము, అద్దాలు దించితే నోట్లో కరకర. ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుక్కు ప్రొద్దుటూరు మీదా పోవచ్చు, ముద్దనూరు మీదా పోవచ్చు. ఫోను ప్రొద్దుటూరు చూపిస్తాంది, నేను అటే తిప్పబోతే అక్క చెయ్యి పట్టుకుని, ప్రొద్దుటూరు మీద వద్దు మే, ముద్దనూరు మీద పోదాం అనింది. ట్రాఫిక్ అనుకుంటాందేమో అని తిప్పినా. దాన్ని అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

ముద్దనూరు దాటినాక మా ఆయన ఫోన్ చేసినాడు. షాపాయన ఆయనకు ఫోన్ చేసి, సార్ మేడం వాళ్ళు 92 స్పీడులో పోతాండారు, కొంచెం చెప్పండి అన్నాడంట. బండిలో జీపీఎస్ ఉంది, అది పెట్టుకోవడం తప్పు కాదు, వాళ్ళ బండి వాళ్ళది, స్పీడు నాదే తప్పు కూడా. కానీ నా నంబరు ఉండాది కదా ఫారంలో, పైన మొదటి గడిలోనే ఉండాది. బండి తీసుకునింది నేను, డబ్బు కట్టింది నేను, సంతకం నాది, పిలిచి చెప్పింది మా ఆయనకు. మా ఆయన మంచోడు, బండి తీసుకునింది ఆమె, ఆమెకే చెప్పప్పా అని పెట్టేసి, నాకు చేసి మెల్లగా పోండి అన్నాడు. ఆయన మంచోడు కాబట్టి అంతటితో పోయింది. ఇంకొకామె ఇంట్లో అయితే ఆ ఒక్క ఫోనుకు బండి వెనక్కి తిరగాల్సి వచ్చేది, మళ్ళ జన్మలో ఆమెను పంపరు. షాపాయనకు ఆ సంగతి తెలియాల. ఇదీ నా కోపం.

జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. కోట గురించి అందరూ రాసినారు, నేను ఎక్కువ రాయను, మాధవరాయ స్వామి గుడి గోపురం, పక్కనే జామియా మసీదు, ధాన్యం కొట్టు, అన్నీ తిరిగినాం, సాయంత్రం పెన్నా లోయ అంచు కాడ కూర్చున్నాం. చాలా చోట్ల కంచె ఉండదు, బండ మీద బండ పేర్చినట్టు ఉంటాది, కింద ఆకుపచ్చ నీళ్ళు, చెప్పులు జారకుండా ఉండేవి వేసుకోండి. అక్క అంచుకు రాలేదు, పది అడుగులు వెనకాల కూర్చునింది. రాత్రి రూములో రాగి సంగటి, నాటుకోడి తెప్పించుకుని తిన్నాక ల్యాప్‌టాప్ తీసినా. సినిమా ఆన్‌లైన్లో రెంటుకు తీసుకుని ముందే డౌన్‌లోడ్ పెట్టుకున్నా, కోటలో సిగ్నల్ నమ్మలేం కదా.

థెల్మా అండ్ లూయిస్, 1991 సినిమా. డైరెక్టరు రిడ్లీ స్కాట్, రాసింది కాలీ ఖూరీ అనే ఆమె, అది ఆమె రాసిన మొదటి స్క్రీన్‌ప్లే, దానికే ఆస్కారు వచ్చింది. సుసాన్ సరాండన్ లూయిస్, జీనా డేవిస్ థెల్మా, ఇద్దరికీ ఒకే సంవత్సరం బెస్ట్ యాక్ట్రెస్ నామినేషన్. నేను కాలేజీ రోజుల్లో ఒకసారి చూసినా, అప్పుడు తుపాకీ, ఛేజింగు, చివర్లో ఎగిరే కారు మాత్రం గుర్తున్నాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్సు అక్క అంత స్పీడుగా చదవలేదు, ఆపి ఆపి చెప్తా చూసినాం, రెండు గంటల పైచిలుకు సినిమా మాకు నాలుగు గంటలు పట్టింది. అట్ల ఆపి చూడడమే మంచిదైంది.

థెల్మా ఇంట్లో ఉండే ఆమె, మొగుడు కార్పెట్ల కంపెనీలో మేనేజరు. లూయిస్ హోటల్లో వెయిట్రెస్. రెండు రోజులు కొండల్లో ఒక కాటేజీకి పోదాం అనుకుంటారు. థెల్మా మొగుణ్ణి అడగాల, పొద్దున అతను ఆఫీసుకు రెడీ అవుతాంటే అడగబోతాది, అతను అరుస్తా ఉంటాడు, అడగలేక ఊరికే ఉండిపోతాది, మైక్రోవేవ్‌లో అన్నం పెట్టి చీటీ రాసి వెళ్ళిపోతాది. ఇక్కడ అక్క ఆపమనింది. ఆపితే, అడగబోయి ఆపుకునే ఆ మొగం చూడు, మాయమ్మ మొగం అట్లనే ఉండేది అనింది. అమెరికాలో ఆర్కన్సాలో ఉండే ఆమె మొగం.

దారిలో ఒక బారు కాడ ఆగుతారు, అక్కడ ఒకడు థెల్మాతో డాన్సు చేసి బయట కార్ల మధ్యలో బలవంతం చేయబోతాడు, లూయిస్ తుపాకీ పెట్టి ఆపుతాది. ఆపినాక వాడు నోరు జారతాడు, అప్పుడు కాలుస్తాది. ఇది గమనించాల. ప్రమాదం అయిపోయినాక కాలుస్తాది, చట్టం ముందర అందుకే ఆమెకు దిక్కు లేదు. సినిమా రాసినామె ఇది కావాలనే అట్ల రాసింది అని నాకు అనిపిస్తాది, కాపాడుకునేదానికి కాల్చినట్టు రాసి ఉంటే మనకందరికీ సులభంగా ఉండేది, లూయిస్‌ది న్యాయమే అనేసి పడుకునేవాళ్ళం. పోలీసులకు చెప్దాం అని థెల్మా అంటే, నువ్వు వాడితో చెంప చెంప ఆనించి డాన్సు చేసింది వందమంది చూసినారు, మనల్ని ఎవరు నమ్ముతారు అని లూయిస్ అంటాది. 1991లో అమెరికాలో రాసిన మాట. మన ఊర్లో ఒక ఆడపిల్లకు ఏదన్నా జరిగితే ఆ టైములో ఆడ దానికేం పని అని ఇప్పటికీ మొదట అడిగేది అదే కదా.

అక్కడి నుంచి మెక్సికోకు పారిపోతారు. సినిమా అంతా కారులోనే, 1966 ఫోర్డ్ థండర్‌బర్డ్, టాపు లేనిది, నీలం ఆకుపచ్చ కలిసిన రంగు. మొదట్లో లూయిస్ తలకు గుడ్డ కట్టుకుని లిప్‌స్టిక్ వేసుకుని నీటుగా ఉంటాది, థెల్మా చిన్నపిల్ల లాగా. దుమ్ము పట్టే కొద్దీ ఇద్దరూ మారతారు. లూయిస్ ఒక చోట తన ఉంగరాలు, కమ్మలు, వాచీ అన్నీ ఒక ముసలాయనకు ఇచ్చేసి ఆయన టోపీ తీసుకుంటాది, మాట లేదు పాట లేదు, ఆ సీను నాకు శానా ఇష్టం. బంగారం అంటే మనకు ఏందో రాయలసీమలో వేరే చెప్పాల్నా, చెవుల్లో కమ్మలు తీసి ఇచ్చేయడం అంటే అది ఎంత దూరం వచ్చేసినట్టో.

దీన్ని మగాళ్ళను తిట్టే సినిమా అని అప్పట్లో అమెరికాలోనే శానామంది రాసినారు. నాకు అట్ల అనిపించలేదు. లూయిస్ ప్రేమించే జిమ్మీ చెడ్డోడు కాదు, డబ్బు పట్టుకుని అంత దూరం వస్తాడు, ఏం జరిగింది అని గుచ్చి గుచ్చి అడగడు కూడా. వెంటపడే డిటెక్టివ్ హాల్, అతను చివరి దాకా వాళ్ళను బతికించాలనే చూస్తాడు. ట్రక్కు డ్రైవరు లాంటోళ్ళు ఉంటారు, సైగలు చేసేవాళ్ళు, ఎన్‌హెచ్ మీద స్కూటీలో పోయే ఏ పిల్లను అడిగినా చెప్తాది ఉంటారని. అందరికంటే నాకు గుర్తుండేది థెల్మా మొగుడు. ఆమె దారిలో ఫోన్ చేస్తే అతను చాలా ప్రేమగా హలో అంటాడు, ఆ ఒక్క హలోకే థెల్మా ఫోను పెట్టేసి, అతనికి తెలిసిపోయింది అంటాది. ఎందుకంటే అతను ఎప్పుడూ అట్ల మాట్లాడడు. ఎన్నో ఏళ్ళ కాపురం ఒక్క హలోలో చెప్పేసినారు. అక్క నవ్వి నవ్వి, తర్వాత మాట్లాడకుండా కూర్చునింది.

నచ్చనిది కూడా ఉంది. బారు కాడ అంత జరిగినాక ఒక్క రోజు తిరక్కుండానే థెల్మా దారిలో ఎక్కించుకున్న జేడీతో, అదే బ్రాడ్ పిట్, ఆ రాత్రి గడిపేది నాకు మింగుడు పడలేదు. భయం అంత తొందరగా పోదు, ఒంట్లో నెలలు ఉంటాది. అక్క మాత్రం, తన ఇష్టం మీద ఒకటి చేసుకునే రాత్రి ఆమెకు జీవితంలో అదొక్కటే మే, పోనీ అనింది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. వాడు తెల్లారేసరికి లూయిస్ దాచిన డబ్బు మొత్తం ఎత్తకపోతాడు. లూయిస్ కూలబడి ఏడుస్తాది, అప్పుడు థెల్మా లేచి పద అంటాది. అక్కడి నుంచి దారి చూసేది థెల్మానే, షాపు దోచేది కూడా ఆమే. ఆ తిరుగుడు చాలా బాగా తీసినారు. స్నేహంలో ఒకళ్ళు పడితే ఇంకొకళ్ళు లేస్తారు, ఇద్దరూ ఒకేసారి పడరు, నా కాన్పు రాత్రి నుంచి నాకది తెలుసు.

ఇప్పుడు టెక్సాస్ సంగతి. మెక్సికో పోవాలంటే టెక్సాస్ గుండా దగ్గర. లూయిస్ ఒప్పుకోదు. ఎంత చుట్టైనా సరే టెక్సాస్ లోకి పోను అంటాది. అక్కడ ఆమెకు ఏదో జరిగింది, థెల్మా తర్వాత ఒకసారి అడుగుతాది కూడా, నీకూ అదే జరిగింది కదా అని. లూయిస్ దాని గురించి మాట్లాడను అంటాది, థెల్మా ఇంక అడగదు. సినిమా కూడా చెప్పదు. ఫ్లాష్‌బ్యాక్ లేదు, ఏడ్చి చెప్పే సీను లేదు.

ఆ సీను నడస్తాంటే నాకు పొద్దున ఎర్రగుంట్ల గుర్తొచ్చింది. ప్రొద్దుటూరు మీద వద్దు మే. 11 ఏళ్ళలో అక్క నాతో ఎన్నో ఊర్లు వచ్చింది, తిరుపతి వచ్చింది, ఒంటిమిట్ట వచ్చింది, నా పెద్ద కూతురి ఓణీల ఫంక్షనుకు గొలుసు కొనేదానికి ప్రొద్దుటూరు పోదాం, అక్కడ రేటు బాగుంటాది అంటే మాత్రం షాపులో పని ఉంది అనింది. అంతకు ముందు కూడా ఒకసారి ఏదో చెప్పి తప్పించుకునింది. నేను అప్పుడెప్పుడూ ఒకదానికొకటి కలిపి చూసుకోలేదు. తిరిగి ఆమె వైపు చూసినా, స్క్రీనే చూస్తాంది, లూయిస్ మొగాన్నే చూస్తాంది. నోటి దాకా వచ్చింది అడుగుదామని. అడగలేదు. సబ్‌టైటిల్ పైకి చదివి చెప్పినా, సరే పోనీ అనింది.

ఆడోళ్ళ స్నేహం అంటే అన్నీ చెప్పుకోవడం అని శానామంది అనుకుంటారు, మన సినిమాల్లో కూడా ఇద్దరు ఆడోళ్ళు కూర్చుంటే కష్టాలు చెప్పుకుని ఏడవాల. ఈ సినిమాలో నాకు దొరికింది వేరే. చెప్పను అన్నదాన్ని చెప్పకుండా ఉండనిచ్చి, కారు మాత్రం ఆమె అడిగిన దారిలో తిప్పడం. తుపాకీ గురించి, ఆ చివరి సీను గురించి అందరూ మాట్లాడతారు గానీ ఈ మ్యాపు ముందర పెట్టుకుని చుట్టు దారి ఒప్పుకోవడం గురించి ఎవరూ మాట్లాడింది నేను వినలేదు.

చివర నలుగురికీ తెలిసిందే, వెనకాల పోలీసు కార్లు, ముందర లోయ. థెల్మా పోనీ అంటాది, లూయిస్ తొక్కుతాది, కారు గాల్లో ఉండంగానే సినిమా తెల్లగా అయిపోతాది. కథలో అది గ్రాండ్ క్యానియన్ అంటారు గానీ తీసింది ఉటాలో డెడ్ హార్స్ పాయింట్ దగ్గర, అక్కడా లోయే. మన గండికోటను కూడా ఇండియా గ్రాండ్ క్యానియన్ అని బోర్డుల మీద రాస్తారు, నాకు అది నచ్చదు, గండికోట గండికోటే. ఆ చివర చూసి అక్కకు కోపం వచ్చింది. నిజంగా కోపం. వాళ్ళెందుకు చావాల, ఏం తప్పు చేసినారని, బ్రేకు ఉంది కదా కారుకు, జైలుకు పోయినా బతికుంటే మళ్ళ కలుసుకుంటారు కదా అనింది. లొంగిపోతే వాళ్ళకు మిగిలేది ఏముంది అక్కా అని నేను అన్నా. బతుకు మిగులుతాది అనింది. రాత్రి రెండు దాకా అదే వాదన. సినిమాగా ఆ ముగింపు తప్ప ఇంకోటి కుదరదు అని నా లెక్క, కానీ అక్క మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆదివారం సూర్యోదయానికి మళ్ళ లోయ కాడికి పోయినాం. ఈసారి అక్క అంచు దాకా వచ్చింది, నా చెయ్యి గట్టిగా పట్టుకుని కిందికి చూసి, లోతుంది అనింది, వెనక్కి వచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో అక్కే నడిపింది, మొత్తం, ముద్దనూరు మీదనే. ఆమె 60 దాటదు, గేరు మార్చేటప్పుడు పెదవి కొరుక్కుంటాది, లారీ దాటేటప్పుడు హారను కొట్టి లైటు కొట్టి మరీ దాటుతాది. ఒక్క ఇబ్బంది రాస్తా, దారిలో ఆడోళ్ళకు టాయిలెట్టు. మూడు పెట్రోలు బంకుల్లో అడిగితే రెండు చోట్ల తాళం, తాళంచెవి ఉన్నాయన టీ తాగేదానికి పోయినాడంట. గండికోట రూములో ఖాళీ చేసే ముందే అన్నీ చూసుకుని బయలుదేరండి, నీళ్ళు మాత్రం తాగకుండా ఉండొద్దు, ఆ ఎండకు పడిపోతారు.

బండి తిరిగి ఇచ్చినప్పుడు మొత్తం 236 కిలోమీటర్లు తిరిగింది. షాపులో పని చేసే పిల్లోడు చుట్టూ చూసి, కొత్త గీత ఏమీ లేదని అడ్వాన్సు 5,000 అక్కడికక్కడే ఫోన్‌పే చేసినాడు, ఇందులో వాళ్ళను మెచ్చుకోవాల, కొన్ని చోట్ల వారం తిప్పుతారని విన్నా. కౌంటరాయనతో నిలబడి చెప్పినా, స్పీడు ఎక్కువైతే నడిపే మనిషికి ఫోన్ చేయండి, ఇంటికి చేయొద్దు, మీరు చేసే ఆ ఫోను ఒక ఆడమనిషికి ఎంత ఖరీదు పడతాదో మీకు తెలియదు అని. ఆయన వాదించలేదు, సరే మేడం అన్నాడు, ఫారం మాత్రం అదే ఉంది, చూసినా. గార్డియన్ అనే మాట కొట్టేసి ఎమర్జెన్సీ నంబరు అని రాస్తే చాలు, ఆడైనా మగైనా ఎవరి నంబరైనా రాసుకుంటారు.

బండికి అయిదులో నాలుగు. షాపు మనుషులకు రెండున్నర. సినిమాకు నేను నాలుగున్నర ఇస్తా, అక్క చివరి సీనుకు మార్కులు కోసి మూడు అనింది. సంక్రాంతి అయినాక బెలుం గుహలకు పోవాలని ఉండాది, ఈసారి మొదటి నుంచి అక్కే నడుపుతాదంట, నల్ల ప్లేటు బండి కావాల, గార్డియన్ గడి లేని షాపు కడపలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.